కొత్తగూడలో నాయకులను తయారుచేశాం

అసలు పనేమిటంటే

నా విజిటింగ్ కార్డు మీద ‘సీనియర్ ప్రొఫైల్ మెంటర్’ అని అచ్చేశారు. ఆ మూడు మాటలకు అర్థమేమిటని మా ఆవిడ అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి నిజం చెప్పడానికి అడ్డం లేదు. విదేశాల్లో బిజినెస్ మాస్టర్స్ చదవాలనుకునే పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళు చేయని ఘనకార్యాలు చేసినట్టుగా, వాళ్ళకు ఎన్నడూ రాని ఆలోచనలు వచ్చినట్టుగా మంచి ఇంగ్లీషులో చెప్పించడం. అదీ నా ఉద్యోగం. కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన ఒక బిల్డింగు. కింద బిర్యానీ హోటలు, మధ్యలో పళ్ళ డాక్టరు, పైన మా కన్సల్టెన్సీ. లిఫ్టులో వెళ్తుంటే ముందు మసాలా వాసన, తర్వాత మందుల వాసన, చివరికి మా రూమ్ స్ప్రే వాసన.

నేను పదో తరగతి దాటలేదు. గుంటూరు వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. ఎవరెవరివో దరఖాస్తులు టైపు చేస్తూ, తెలియని మాట తగిలితే డిక్షనరీ తీస్తూ ఇంగ్లీషు నేర్చుకున్నాను. టైపు మిషన్లు పోయాయి. కంప్యూటర్లు వచ్చాయి. వాటి వెనకే అమెరికా వెళ్ళే ఇంజనీర్లు వచ్చారు. వాళ్ళ వ్యాసాలు దిద్దే పని నాకు వచ్చింది. డిగ్రీల మీద డిగ్రీలున్నవాళ్ళు రాసింది నేను దిద్దేవాణ్ణి. ఇందులో నా గొప్పేమీ లేదు. వాళ్ళు రాసింది అంత అధ్వానంగా ఉండేది.

ఈ పనిలోకి ఇప్పుడు చాలామంది కుర్రవాళ్ళు వస్తున్నారు. మాదాపూర్ నుంచి చందానగర్ దాకా ప్రతి సందులోనూ ఒక కన్సల్టెన్సీ ఉంది మరి. జీతం ఎలా పెరుగుతుందో, బ్రాంచి మేనేజరు ఎప్పుడవుతారో నేను చెప్పను. అవి మీకే బాగా తెలుసు. మీరు రోజూ ఏం చేయబోతున్నారో, అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో మాత్రం చెబుతాను.

ఆదివారం సేవ

విదేశీ బిజినెస్ స్కూళ్ళు మార్కులతో ఊరుకోవు. సమాజానికి ఏం చేశావు అని అడుగుతాయి. మన పిల్లలు సమాజానికి ఏమీ చేయరు. పొద్దున్న క్యాబెక్కి ఆఫీసుకు పోతారు, సాయంత్రం క్యాబెక్కి ఇంటికి వస్తారు. అందుకని మా డైరెక్టరు కిశోర్ గారు ఒక ఏర్పాటు చేశారు. నెలకో ఆదివారం బ్యాచ్ మొత్తాన్ని వ్యానెక్కించి నార్సింగి అవతల ఒక అనాథాశ్రమానికి తీసుకెళ్ళేవారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు. పిల్లలకు బిస్కెట్లు పంచడం, పలక మీద ఏబీసీడీలు రాయించడం, ఫోటోలు. మధ్యాహ్నం భోజనం వేళకు వెనక్కి. అప్లికేషన్‌లో మాత్రం ‘గ్రామీణ బాలల విద్యాభివృద్ధికి నాయకత్వం’ అని పడేది. నార్సింగిలో గ్రామం ఎక్కడ మిగిలిందో కిశోర్ గారికే తెలియాలి. ఆ ఆశ్రమం కిటికీలోంచి చూస్తే అన్నీ టవర్లే.

ఒకసారి నేనూ వెళ్ళాను. రెండు జడల పిల్ల ఒకతె మా వాళ్ళ టీషర్టులు ఎగాదిగా చూసి అడిగింది: “అన్నా, మీరు లండనా, కెనడానా?”

మా కుర్రాడికి అర్థం కాలేదు. “ఏంటమ్మా?”

“పోయినసారి నీలం అంగీలోళ్ళు లండన్ పోతమన్నరు. వాళ్ళు కేకు తెచ్చిండ్రు. మీరు బిస్కెట్లేనా?”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఈ వ్యాపారంలో మేమంతా ఏం చేస్తున్నామో ఆ పిల్లకు మాకంటే స్పష్టంగా తెలుసు. మాకు ఇంగ్లీషు అడ్డం వచ్చింది, అంతే.

నా కెరీర్‌లోనే బెస్టు

తర్వాతిది సిఫార్సు ఉత్తరం. అభ్యర్థి పనితనం గురించి అతని మేనేజరు స్కూలుకు గుట్టుగా రాయాలని నియమం. మన దగ్గర ఆనవాయితీ ఏమిటంటే, అభ్యర్థే తన గురించి తాను పొగుడుకుని మాకు పంపుతాడు, మేము ఇంకాస్త పొగిడి మేనేజరుకు పంపుతాం, ఆయన చదవకుండా తన పేరుతో పంపేస్తాడు. గచ్చిబౌలిలో ఒక మేనేజరు తన టీములో నలుగురి గురించి ‘నా కెరీర్‌లో నేను చూసిన ఏకైక ఉత్తమ ఉద్యోగి’ అని ఒకే స్కూలుకు, ఒకే వారంలో పంపాడు. స్కూలువాళ్ళు ఫోన్ చేసి ఈ నలుగురిలో ఎవరు మెరుగని అడిగారట. ఆయన మాకు ఫోన్ చేసి, “నేను ఎవరని చెప్పాలండి?” అని అడిగాడు. తన కింద పనిచేసేవాళ్ళలో ఎవడు మంచివాడో కొత్తగూడలో కూర్చున్న నేను చెప్పాలి. ఆయనకు ఆ ఏడే ప్రమోషన్ వచ్చింది.

చందానగర్ తండ్రిగారు

కార్తీక్ అనే కుర్రాడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాడు. నెమ్మదస్తుడు. వాళ్ళ నాన్నగారు ప్రభుత్వోద్యోగం చేసి చందానగర్‌లో ఫ్లాటు కొనుక్కున్న కాకినాడ మనిషి. కొడుకు ఇంటర్వ్యూ ప్రాక్టీసుకు ఆయన కూడా వచ్చి పక్క కుర్చీలో కూర్చునేవారు.

“బిజినెస్ మాస్టర్స్ ఎందుకు చదవాలనుకుంటున్నావు?” అని కార్తీక్‌ను అడిగాను.

“వాడికి లీడర్‌షిప్ అంటే చిన్నప్పటి నుంచీ ప్రాణమండి,” అన్నారు తండ్రిగారు.

“ఆఫీసులో నీకెదురైన పెద్ద సమస్య ఏమిటి?”

“సమస్యలంటే వీడికి ఛాలెంజ్ అండి. చెప్పరా.”

కార్తీక్ ఫ్యాను వైపు చూశాడు.

“అయ్యా, ఇంటర్వ్యూకు మీరు వెళ్తారా, అబ్బాయిని పంపుతారా?” అని అడిగాను.

ఆయన ఏమీ నొచ్చుకోలేదు. “పక్కన కూర్చోనిస్తారా అండి?” అన్నారు ఆశగా.

కుర్రాడిలో లోపం ఏమీ లేదు. వాడికి చెప్పుకోవడానికి ఏమీ లేదు, అంతే. ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా వాణ్ణి ఏ చిక్కులోనూ పడనివ్వలేదు. అలాంటివాడికి నాయకత్వ కథ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు ముందు చెబుతాను.

స్రవంతి

పాతికేళ్ళ ఉద్యోగంలో నాకు ఇద్దరో ముగ్గురో నిజమైన అభ్యర్థులు తగిలారు. వాళ్ళలో స్రవంతి ఒకతె. జనగామ వైపు వాళ్ళు. తండ్రి ఒక టెక్‌పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు, తల్లి అదే పార్కులో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. ఈ అమ్మాయి దూరవిద్యలో డిగ్రీ చేసి, అక్కడే ఒక ఐటీ కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ డెస్కులో పనిచేసేది. ఏ క్యాబ్ ఎవరిని ఎక్కించుకోవాలి, ఏ దారిన పోవాలి, ఎవరిని ముందు దింపాలి, అంతా ఆ డెస్కే చూసుకోవాలి. రవాణా నిర్వహణలో మాస్టర్స్ చేయాలని ఆమె కోరిక. ఐరోపాలో ఒక స్కూలు మాత్రమే ఆమె స్తోమతకు అందేలా ఉంది, అదీ స్కాలర్‌షిప్ ఇస్తేనే. మిగతా స్కూళ్ళు సీటిస్తామన్నాయి గానీ ఫీజు తగ్గించేది లేదన్నాయి. కాబట్టి ఈ ఒక్క ఇంటర్వ్యూ పోతే ఆమెకు ప్రయాణమే లేదు.

ప్రాక్టీసులో మామూలు ప్రశ్న వేశాను: “నువ్వు నాయకత్వం వహించిన సందర్భం చెప్పు.”

“నాయకత్వం గిట్ల నేనేం చేయలేదు సార్. ఒకసారి డ్రైవర్లందరు బండ్లు ఆపేసిండ్రు. అది చెప్పాల్నా?”

చెప్పమన్నాను. వానాకాలం. సాయంత్రం షిఫ్టు దిగే వేళ. క్యాబ్ డ్రైవర్లందరూ తాళాలు తీసి జేబులో వేసుకుని పార్కింగులో కూర్చున్నారు. పైన వందలమంది ఉద్యోగులు ఇళ్ళకు పోలేక లాబీలో నిలబడ్డారు. ఆలస్యంగా వచ్చిన క్యాబును మర్నాటి నుంచి డ్యూటీ లిస్టులోంచి తీసేసే పద్ధతి మీద డ్రైవర్ల కోపం. వంతెన కింద నీళ్ళు నిలిచిపోతే మేమేం చేస్తామని వాళ్ళ వాదన. స్రవంతి కిందికి దిగి, వాళ్ళ మధ్య కూర్చుని, గొడవంతా విని, తీసేసిన బండ్లను తిరిగి లిస్టులో పెట్టించింది. తర్వాత వాన రోజుల్లో ఆ పద్ధతే ఎత్తేయించింది.

ఎన్నో ఏళ్ళుగా కాలేజీ ఫెస్టులు, రక్తదాన శిబిరాలు విని విని చెవులు కాయలు కాసినవాణ్ణి. నాకది వేసవిలో చల్లటి నీళ్ళు తాగినట్టుంది. “ఇదే చెప్పు తల్లీ. ఇంకేమీ చెప్పకు,” అన్నాను.

అప్పటికే మా దురదృష్టం కొద్దీ కిశోర్ గారు అద్దాల తలుపు అవతల నిలబడి ఉన్నారు. మా ఆఫీసులో ప్రాక్టీసులన్నీ వీడియో తీసేవారు. వాటిలో బాగున్న జవాబులను ఏరి ‘ఆన్సర్ బ్యాంక్’ అని ఒకచోట పెట్టేవారు. కొత్తవాళ్ళు చూసి నేర్చుకోవడానికని చెప్పేవారు. చూసి నేర్చుకోవడమంటే ఏమిటో ఇంటర్వ్యూ రోజున నాకు తెలిసొచ్చింది.

హోటల్ లాబీ

ఆ స్కూలువాళ్ళు హైటెక్ సిటీలో ఒక పెద్ద హోటల్లో ఇంటర్వ్యూలు పెట్టారు. ఇద్దరు సభ్యుల బోర్డు. ఒక తెల్లాయన, అక్కడే స్థిరపడిన మన దేశపు ప్రొఫెసరమ్మ ఒకామె. మా కన్సల్టెన్సీ నుంచి ముగ్గురు ఇంటర్వ్యూకు ఎంపికయ్యారు. పిల్లలకు టై సరిచేసి ధైర్యం చెప్పమని కిశోర్ గారు నన్ను లాబీలో కూర్చోబెట్టారు.

ముందుగా మరో కుర్రాడు వెళ్ళొచ్చాడు. తర్వాత కార్తీక్. మొహం వెలిగిపోతూ బయటికొచ్చాడు. ఆ కుర్రాడి మొహం వెలగడం నేను మొదటిసారి చూశాను.

“బాగా వచ్చింది మాస్టారూ. డ్రైవర్ల స్ట్రైక్ కథ మీద చాలాసేపు ప్రశ్నలు వేశారు.”

“ఏ డ్రైవర్లయ్యా? నువ్వు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కదా.”

“కిశోర్ సార్ ఇచ్చారండి. మా ఆఫీసులో జరిగినట్టు చెప్పమన్నారు. వీడికీ అదే ఇచ్చారు.” పక్కనున్న కుర్రాణ్ణి చూపించాడు. వాడు బుద్ధిగా తలూపాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ఆ కుర్రాళ్ళను ఏమన్నా లాభం లేదు. ఇచ్చింది తీసుకోవడం తప్ప వాళ్ళకు ఇంకేమీ నేర్పలేదు మేం. బయటికి వెళ్ళి కిశోర్ గారికి ఫోన్ చేశాను.

“ఆ అమ్మాయి జీవితంలో జరిగింది తీసి వీళ్ళకెలా ఇచ్చారండి?”

“మాస్టారూ, మీరు మరీ సెంటిమెంటు. కథకు ఓనరేంటండి? చేరేటప్పుడు సంతకం పెట్టింది. మన దగ్గర చెప్పింది మన కంటెంటే.”

“ఆ అమ్మాయి మూడోదండి. లోపలికి వెళ్ళి అదే చెబితే దొంగ ఎవరవుతారు?”

“అయితే ఆ అమ్మాయికి ఇంకో కథ ఇచ్చేయండి. నార్సింగి ఆశ్రమం ఉందిగా,” అన్నారు.

ఫోన్ పెట్టేశాను. లాబీలో స్రవంతి చీర కుచ్చిళ్ళు సర్దుకుని నిటారుగా కూర్చుని ఉంది. పిలుపు రావడానికి ఎంతో సేపు లేదు. చెప్పకపోతే లోపల అవమానపడుతుంది. చెబితే ఇక్కడే చెదిరిపోతుంది. నేను చెప్పేశాను. సున్నితంగా చెప్పడం నాకు చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె కార్తీక్ వైపు చూసింది. వాడు తలవంచుకుని ఫోను చూసుకుంటున్నాడు.

“నా డ్రైవర్లను నీకిచ్చిండ్రా తమ్మీ?” అంది మెల్లగా. “యాదన్న పేరు గూడ చెప్పినవా?”

“పేర్లు మార్చమన్నారండి,” అన్నాడు వాడు.

“మంచి పని చేసిండ్రు.”

నేను కలగజేసుకున్నాను. “అమ్మాయ్, ఇంకేదన్నా సంఘటన ఉందేమో ఆలోచించు.”

“నాకు ఇంకోటి లేదు సార్. ఉన్నది గదొక్కటే.” చేతులు గట్టిగా పిసుక్కుంది. “దాంట్ల మీకు చెప్పనిది కొంచెం ఉంది. మీకు చెప్తే గూడ తిడ్తరని చెప్పలే.”

అప్పుడే తలుపు తీసి ఆమె పేరు పిలిచారు.

ఒక మాట మధ్యలో చెప్పాలి. ఈ స్కూళ్ళవాళ్ళు చాలా తెలివైనవాళ్ళని మీరు అనుకుంటారు. అంత లేదు. హైదరాబాదు నుంచి వచ్చే ప్రతి కుర్రాడూ రక్తదాన శిబిరం పెట్టాడంటే ఈపాటికి ఈ ఊరు రక్తంలో ఈదుతూ ఉండాలి. అది వాళ్ళకు ఏనాడూ అనుమానం రాలేదు. అనుమానం వచ్చినా సీట్లు నింపుకోవాలి కదా. మనం అబద్ధాలు అమ్మే కొట్టు అయితే వాళ్ళు అవి కొనే కొట్టు. బేరం రెండువైపులా ఇష్టంగానే నడుస్తోంది. నష్టపోయేది నిజం పట్టుకుని వచ్చినవాళ్ళు. ఆ రోజు తలుపు అవతలికి వెళ్ళిన మనిషి చేతిలో నిజం తప్ప ఏమీ లేదు, అది కూడా అప్పటికే ఇద్దరు వాడేసిందే.

టీ బండి దగ్గర

స్రవంతి బయటికి వచ్చేసరికి మొహంలో రక్తం లేదు. “పోదాం సార్,” అని మాత్రం అంది. హోటల్ పక్క సందులో టీ బండి ఉంది. అక్కడ ఒక ఆటో ఆగి ఉంది. దాన్ని ఆనుకుని నడివయసు మనిషి ఒకాయన మాకోసం చూస్తున్నాడు.

“యాదన్న,” అని పరిచయం చేసింది స్రవంతి. బండ్లు ఆపిన డ్రైవర్లలో ముందున్న యాదయ్య ఇతనేనట. ఇప్పుడు క్యాబ్ మానేసి సొంత ఆటో నడుపుతున్నాడు.

“ఏందమ్మా, మొకం గట్ల వెట్టినవ్? ఇంగ్లీషుల తిట్టిండ్రా?” అన్నాడు.

“ముందు టీ చెప్పన్నా.”

టీ తాగుతూ జరిగింది చెప్పింది. ఆమె డ్రైవర్ల మాట ఎత్తగానే బోర్డులోని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ప్రొఫెసరమ్మ కాగితాలు మూసేసి, “ఈ కథ ఈ పొద్దున మేం రెండుసార్లు విన్నాం. మూడోసారి ఎందుకు వినాలి?” అని అడిగిందట.

“నువ్వేమన్నవ్?” అన్నాడు యాదయ్య.

“వాళ్ళు చెప్పింది నేను మంచిగ కనిపించే సగం, మిగతాది ఎవ్వరికీ చెప్పలే అని చెప్పినన్నా.”

యాదయ్య గ్లాసు కింద పెట్టాడు. “అంటే? గదంత చెప్పినవా?”

“మొత్తం చెప్పినన్నా.”

నేను అడిగాను, అదంతా అంటే ఏది అని. స్రవంతి నేల చూస్తూ చెప్పింది. ఆలస్యమైన బండ్లను లిస్టులోంచి తీసేసే పద్ధతి పెట్టింది కంపెనీ కాదు, తనే. కొత్తగా చేరింది కదా, మేనేజరు దగ్గర మంచిపేరు కొట్టేయాలని. ఏసీ గదిలో స్క్రీను మీద ఎర్ర చుక్కలు కనిపిస్తే చాలు, తీసేసేది. వంతెన కింద నీళ్ళున్నాయో లేదో చూడనేలేదు. ఆ సాయంత్రం కిందికి దిగింది కూడా తనంతట తాను కాదు.

“నేను పైకి పోయి పిలిచిన,” అన్నాడు యాదయ్య నాతో. “డెస్కు ముంగట నిలవడి, జర కిందికి దిగిరా మేడమ్, నీ కాళ్ళకు గూడ నీళ్ళు తాకనీ అన్న. గట్టిగనే అన్న. ఆఫీసంత ఇన్నది.”

“అందుకే కదన్నా,” అంది స్రవంతి. “సార్, అందరి బండ్లు మళ్ళ లిస్టుల పెట్టిన. యాదన్నది ఒక్కటే పెట్టలే. అందరి ముంగట నన్ను అట్ల అన్నడని. నెలలు గడిచినయ్. ఒకరోజు వాళ్ళింటామె గేటు కాడికొచ్చి మా నాయనను అడిగింది, మీ బిడ్డేనా ట్రాన్స్‌పోర్ట్‌ల ఉండేది అని. నాయన ఇంటికొచ్చి నాతోని మాట్లాడలే. అప్పుడు పెట్టిన.”

“అప్పటికి నేను ఆటో కొనుక్కున్న,” అన్నాడు యాదయ్య. “ఇగ నీ లిస్టు నువ్వే ఉంచుకో అన్న.”

“ఆమె, అదే ఆ ప్రొఫెసరమ్మ, ఏమంది?” అన్నాను.

“ఏమనలే సార్. ఆ డ్రైవర్ మీకింకా తెలుసా అని అడిగింది. బయట ఆటోల ఉన్నడన్న. నవ్వలే. రాసుకున్నది. ఇగ పోవచ్చన్నది.”

యాదయ్య గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “నా సంగతి ఇంగ్లీషుల ఎట్ల చెప్పినవ్? తిట్టిన మాట గూడ చెప్పినవా?”

“చెప్పిన. కాళ్ళు, నీళ్ళు అన్నీ.”

“మంచిదే. రాకుంటే రాకపాయె. పరేషాన్ గాకు. ఆటో ఉంది, నేర్పిస్త.”

ఇద్దరూ నవ్వారు. స్రవంతి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను ఆ నవ్వులో కలవలేకపోయాను. నా ఎదుట కూర్చున్నంతకాలం ఆ అమ్మాయి ఈ సంగతి దాచింది. ఎందుకు దాచదు? మా గదిలో గోడ నిండా ‘మీ బలాలను చూపండి’ అని పోస్టర్లు అంటించాం. మనిషి సిగ్గుపడే విషయం చెప్పడానికి అక్కడ కుర్చీ లేదు. కిశోర్ గారి ఆన్సర్ బ్యాంకులోకి ఆ సగం రాకపోవడానికి అదొక్కటే కారణం. వచ్చి ఉంటే కార్తీక్ దానికి కూడా సిగ్గుపడడం ప్రాక్టీసు చేసేవాడు.

ఫలితాలు

ముగ్గురికీ సీటు వచ్చింది. అవును, ముగ్గురికీ. కార్తీక్‌కు, రెండో కుర్రాడికి పూర్తి ఫీజుతో. స్రవంతికి ఫీజులో పెద్ద భాగం మాఫీ చేస్తూ. ఫలితం వచ్చిన సాయంత్రం తండ్రీ కూతురూ స్వీటు డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆయన యూనిఫాంలోనే ఉన్నాడు. డ్యూటీకి పోతూ వచ్చాడు. ఎక్కువ మాట్లాడలేదు. “నా బిడ్డ అన్ని నిజాలు చెప్పిందంట గద సార్,” అన్నాడు. సీటు వచ్చిందంట అనలేదు.

నిజం గెలిచిందని మీరు అనుకుంటారేమో. అనుకోకండి. అదే బోర్డు అదే ఉదయం రెండు అబద్ధాలను కూడా ఇష్టంగా కొనుక్కుంది. ఆ ప్రొఫెసరమ్మ ఆ రోజు జలుబుతో హోటల్ గదిలో పడుకుని ఉంటే, తెల్లాయన ఒక్కడే కూర్చుని ఉంటే, మూడోసారి విన్న కథను ముగించి స్రవంతిని పంపేసి ఉండేవాడు. ఈ వ్యాపారంలో నిజానికి దక్కేది అంతే. ఒక మనిషి ఇంకో ప్రశ్న అడగడం. ఆ ప్రశ్న అడిగే మనిషి మీరు కాగలిగితే కండి. మీ ఎదుట కూర్చున్న పిల్లవాడు కాలేజీ ఫెస్టు గురించి చెబుతున్నప్పుడు, అందులో నీ వల్ల చెడింది ఏమిటి అని అడగండి. వాడు తండ్రి వైపు చూస్తే తండ్రిని బయటికి పంపండి. ఆ తర్వాత కూడా ఏమీ రాకపోతే, ఇంకో రెండేళ్ళు ఉద్యోగం చేసి రమ్మని ఇంటికి పంపండి. ఫీజు పోతుంది, నిజమే. మీ డైరెక్టరు మిమ్మల్ని సెంటిమెంటు మనిషి అంటాడు. అననివ్వండి.

ఫ్లెక్సీ

వారం తిరక్కముందే మా బిల్డింగు ముందు కరెంటు స్తంభానికి పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. స్రవంతి అప్లికేషన్‌లోని పాస్‌పోర్టు ఫోటోను మనిషంత పెంచారు. పక్కన కిశోర్ గారు చేతులు కట్టుకుని నిలబడిన ఫోటో. కింద ఆమె అన్నట్టుగా ఒక మాట: ‘నాలోని నాయకురాలిని నాకు పరిచయం చేసింది వీరే.’

మర్నాడు పొద్దున్నే స్రవంతి పైకి వచ్చింది. కిశోర్ గారు ఎదురెళ్ళారు.

“రామ్మా రా. చూశావా? జంక్షన్‌లో ఎవరికీ అంత సైజు వేయలేదు.”

“సార్, అది దింపించండి.”

“అదేంటమ్మా? నీకు పేరేగా.”

“ఆ మాట నేనెప్పుడన్న సార్?”

“కోట్ అమ్మా అది. అందరికీ అదే వేస్తాం,” అన్నారు కిశోర్ గారు, చాలా మామూలుగా. ఆయన దృష్టిలో అది అబద్ధం కూడా కాదు. ఆ మనిషి మీద నాకున్న కోపంలో సగం ఆ మామూలుతనం మీదే.

“నా డ్రైవర్లనిచ్చిండ్రు, ఊరుకున్న,” అంది స్రవంతి. “నా మొకం గూడ ఇయ్యలేను సార్.”

“చూడమ్మా, అగ్రిమెంటులో ఫోటో వాడుకోవచ్చని ఉంది.”

“అవునా సార్,” అని ఆమె వెనక్కి తిరిగి మెట్లు దిగింది. లిఫ్టు కోసం ఆగలేదు. నేనూ ఆమె వెనకే దిగాను. కిశోర్ గారు పైనుంచి, “మాస్టారూ, బ్యాచ్ వెయిటింగ్ అండి,” అంటూనే ఉన్నారు.

కింద స్తంభానికి ఆనించి యాదయ్య ఆటో ఉంది. యాదయ్య చెప్పులు విప్పి ముందు సీటు మీదికి, అక్కణ్ణుంచి పక్క అరుగు మీదికి ఎక్కి, కూరలు తరిగే కత్తితో తాళ్ళు కోస్తున్నాడు. జంక్షన్‌లో ట్రాఫిక్ కానిస్టేబుల్ చూసి వచ్చాడు.

“ఏయ్, దిగు. ఎవరి పర్మిషన్‌తోని దించుతున్నవ్?”

యాదయ్య కోయడం ఆపలేదు. “బొమ్మ ఎవలిదో చూడు సార్. పర్మిషన్ గామెదే.”

కానిస్టేబుల్ ఫ్లెక్సీ చూశాడు, స్రవంతిని చూశాడు. మళ్ళీ ఫ్లెక్సీ చూశాడు. “నువ్వేనా అమ్మా? గిదేంది, మంచిగనే ఉన్నవ్ గద?” అన్నాడు.

“నేను మంచిగనే ఉన్న సార్. కింద రాసిన మాటనే నాది కాదు.”

ఆయన ఆ మాట చదివి, పైన మా కిటికీ వైపు ఒకసారి చూసి, విజిలు ఊదుకుంటూ జంక్షన్‌లోకి వెళ్ళిపోయాడు.

ఆఖరి తాడు తెగి ఫ్లెక్సీ దబ్బున జారింది. బాగా బరువుంది. యాదయ్య ఒక కొస, నేను ఒక కొస పట్టుకున్నాం. అసలే ముసురు పట్టేలా ఉంది, ఆటో టాప్ కారుతోంది, పైన కప్పుకుంటానన్నాడు. కప్పుకోమంది స్రవంతి.

“మొకం పైకి పెట్టాల్నా, లోపలికా?” అని అడిగాడు.

“మొకం లోపలికి మడువు, కింద రాసిన మాట పైకి పెట్టు. బయట వానకు తడిసేది ఆ నాయకత్వం ఒక్కటే ఉండనీ,” అంది స్రవంతి.